వాడ ఓటు, ఊరి మెజారిటీ

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఎస్సీలకు రిజర్వయిన సీట్లు 29. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ వీటిలో 27 గెలిచింది. కొండపి తెలుగుదేశానికి, రాజోలు జనసేనకు పోయాయి. 2024లో అదే పార్టీకి ఈ 29లో మిగిలినవి రెండే, బద్వేలు, యర్రగొండపాలెం. మిగతా 27 కూటమి ఖాతాలో పడ్డాయి. అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి.

ఈ ఐదేళ్ళలో మాలపల్లెలు, మాదిగవాడలు అన్నీ మూకుమ్మడిగా ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు మారిపోయాయా? క్షేత్రంలో తిరిగిన కార్యకర్త ఎవరైనా అలా చెప్పగలరా? రాష్ట్రం మొత్తం మీద చూసినా ఆ పార్టీ ఓట్లు దాదాపు 50 శాతం నుంచి 39 శాతానికి తగ్గాయి. అంటే పది మంది ఓటర్లలో ఒకరు జారిపోయారు. సీట్లు మాత్రం 151 నుంచి 11కు పడిపోయాయి. 2019లో ఇదే 39 శాతంతో తెలుగుదేశానికి 23 సీట్లొచ్చాయి. తెలంగాణలో 2024 లోక్‌సభ ఎన్నికల్లో బీఆర్ఎస్‌కు 16 శాతానికి పైగా ఓట్లొచ్చినా ఒక్క సీటూ రాలేదు. 3 శాతం ఓట్లున్న మజ్లిస్‌కు హైదరాబాద్ దక్కింది. గెలిచిన పార్టీలు దీన్ని ప్రజాతీర్పు అంటాయి, ఓడినవాళ్ళు ఈవీఎంలను తిడతారు. ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వాళ్ళదే సీటు, మిగిలిన ఓట్లన్నీ చెత్తబుట్టకు అనే పద్ధతి గురించి మాత్రం ఇద్దరూ మాట్లాడరు. ఇవాళ కాకపోతే రేపు అది తమకు పనికొస్తుందని ఇద్దరికీ తెలుసు.

ఈ పద్ధతి పెద్ద పార్టీలను వంతులవారీగా పైకి లేపుతుంది, కిందికి దించుతుంది. దళితుల విషయంలో అది చేసే పని వేరు.

రిజర్వుడ్ నియోజకవర్గంలో పోటీ చేసేవాళ్ళందరూ ఎస్సీలే. ఓటర్లలో ఎస్సీలు మాత్రం మైనారిటీయే. దేశం మొత్తంలో ఎస్సీ సీట్లలో మూడోవంతుకు మించి ఎస్సీ జనాభా ఉన్నవి తక్కువ, సగానికి చేరినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇది యాదృచ్ఛికం కాదు. 2002 నాటి పునర్విభజన చట్టం ఎస్టీ సీట్లను ఆదివాసీ జనాభా నిష్పత్తి అత్యధికంగా ఉన్నచోట పెట్టమంది. ఎస్సీ సీట్ల విషయానికొస్తే జనాభా ఎక్కువున్న చోట్లతో పాటు వాటిని రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలకు పంచమంది. ఊరికొక వాడగా చెదిరి ఉన్న జనానికి సీట్లు కూడా అలాగే చెదిరాయి. అందుకే అభ్యర్థులందరూ మనవాళ్ళే అయినప్పుడు మన ఓటు నాలుగు ముక్కలవుతుంది, ఆ నలుగురిలో ఎవరు గెలవాలో మిగిలిన మూడొంతుల మంది తేలుస్తారు. టికెట్ కోసం వరుసలో నిలబడిన నాయకుడికి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. అట్రాసిటీ కేసు మీద గొంతెత్తే మనిషి కంటే, ఊళ్ళో పెద్దలకు "మనోడే" అనిపించే మనిషికి టికెట్ రావడం వ్యక్తుల నైతికత ప్రశ్న కాదు. లెక్క అలా ఉంది.

1932లో అంబేడ్కర్ పట్టుబట్టింది సరిగ్గా ఈ లెక్క మీదే. ఆగస్టు 16న మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన కులాల ఓటరుకు రెండు ఓట్లిచ్చింది. ఒకటి తమ ప్రతినిధిని తామే ఎన్నుకోవడానికి, రెండోది అందరితో కలిసి సాధారణ సీటులో వేయడానికి. ఆ రెండో ఓటు విలువను మనం తరచూ మరిచిపోతాం. ఊరి అభ్యర్థి కూడా వాడకొచ్చి చెయ్యి చాచాల్సిన పరిస్థితిని అది కల్పించేది. గాంధీ ఎరవాడ జైలులో నిరాహార దీక్షకు కూర్చున్నాక సెప్టెంబర్ 24న కుదిరిన పూనా ఒడంబడికలో సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, ఒక్క మద్రాసు రాష్ట్రానికే 30. ప్రత్యేక ఓటు పోయింది. ఎక్కువ సీట్లు తీసుకుని ఎంపిక అధికారం వదులుకున్న బేరం అది. ఉరితాడు మెడకు వేలాడుతున్నట్టున్న ఆ వారంలో అంబేడ్కర్ ముందు వేరే దారి ఏముందో చెప్పడం కష్టం.

అయినా ఒడంబడికలో ఒక చిన్న కిటికీ మిగిలింది. ప్రతి రిజర్వుడ్ సీటుకు ముందు దళిత ఓటర్లే ప్రాథమిక ఎన్నికలో నలుగురిని ఎంపిక చేయాలి. తర్వాత ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. 1946 ఎన్నికల్లో ఈ రెండంచెల మధ్య అగాధం బయటపడింది. మొదటి అంచెలో దళితులు మెచ్చినవాళ్ళు రెండో అంచెలో ఓడిపోతున్నారని అంబేడ్కర్ కేబినెట్ మిషన్ ముందు వాదించారు. ఆయన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్‌కు దేశమంతటా 151 రిజర్వుడ్ సీట్లలో దక్కినవి రెండు. కాన్షీరాం 1982లో పూనా ఒడంబడికకు యాభై ఏళ్ళు నిండిన రోజున 'ది చమ్చా ఏజ్' పుస్తకం తెచ్చారు. ఆయన 'చమ్చా' అన్న మాట కొందరికి కటువుగా ఉంటుంది గానీ, ఆ పుస్తకంలోని అసలు వాదన వ్యక్తుల మీద కాదు, ఈ రెండో అంచె మీద.

రాజ్యాంగ సభలో జరిగిన ఒక ఘటన మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళిన తెలుగువాడు, దళిత సభ్యుడు ఎస్. నాగప్ప 1947 ఆగస్టు 28న ఒక సవరణ పెట్టారు. ప్రత్యేక నియోజకవర్గాలు ఆయన అడగలేదు. ఓటర్లు ఉమ్మడిగానే ఉండనివ్వండి, కానీ రిజర్వుడ్ సీటులో గెలిచినట్టు ప్రకటించే ముందు ఆ అభ్యర్థికి ఎస్సీలు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం వచ్చి ఉండాలన్నారు. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని రోజులవి. ప్రత్యేకం అన్న వాసన తగిలిన ఏ ప్రతిపాదననైనా సభ అనుమానంగా చూసింది. సర్దార్ పటేల్ తీవ్రంగా వ్యతిరేకించారు, నాగప్ప సవరణను ఉపసంహరించుకున్నారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చాక ప్రాథమిక ఎన్నిక కూడా లేదు, కనీస దళిత మద్దతు అన్న షరతూ లేదు. సీటు మాత్రం మిగిలింది.

మొదటి సాధారణ ఎన్నికల్లోనే దాని ఫలితం చూశాం. 1952లో బొంబాయి ఉత్తర స్థానంలో రాజ్యాంగ రచనా సంఘం అధ్యక్షుడు కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ కాజ్రోల్కర్ చేతిలో సుమారు 14 వేల ఓట్లతో ఓడిపోయారు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఓడారు. 1955లో ఆయన నాయకత్వంలోని ఫెడరేషన్ చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్‌ను ఎత్తేయాలని తీర్మానించింది. ఈ తీర్మానాన్ని ఇవాళ రిజర్వేషన్ వ్యతిరేకులు సందర్భం కత్తిరించి వాడుకుంటారు. ఉద్యోగాలు, చదువుల రిజర్వేషన్‌తో దానికి సంబంధం లేదు. తన జనం మెచ్చినవాళ్ళను గెలిపించలేని సీటు ఎందుకన్నదే దాని ప్రశ్న.

అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గాలుండేవి. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు, అందులో ఒక సీటు రిజర్వుడు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో జనరల్ సీటు కోసం నిలబడ్డవారు వి.వి. గిరి, తర్వాత రాష్ట్రపతి అయిన ఆయనే. ఓట్లు లెక్కిస్తే మొదటి రెండు స్థానాల్లోనూ ఆదివాసీలే ఉన్నారు. రిజర్వుడు సీటు ఒకరికి పోగా, కొద్ది వందల ఓట్ల తేడాతో జనరల్ సీటు కూడా ఇంకో ఆదివాసీ అభ్యర్థి డిప్పల సూరిదొరకు దక్కింది. రిజర్వుడు సీటుకు పోటీ చేసినవాడు జనరల్ సీటు ఎలా గెలుస్తాడని గిరి కోర్టుకెక్కారు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర గెలుపు చెల్లుతుందని తేల్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1961లో, పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవయ్యాయి, నిర్వహణ కష్టం అన్న కారణాలూ ఉన్నాయి, కాదనను. కానీ ఆదివాసీ అభ్యర్థులు జనరల్ కోటాలోకి అడుగు పెట్టగల దారి మూసుకుపోయింది కూడా అప్పుడే. ఆ తర్వాత జనరల్ సీటులో ఎస్సీకి టికెట్ ఇవ్వడం పార్టీలకు ఒక దానంలా మారింది. 2024లో అయోధ్య ఉన్న ఫైజాబాద్ జనరల్ స్థానంలో పాసీ కులానికి చెందిన అవధేశ్ ప్రసాద్ గెలిస్తే దేశమంతా వింతగా చెప్పుకుంది. వింత కావడమే అసలు సమస్య.

సొంత పార్టీ కట్టుకుంటే? బీఎస్పీ అనుభవం రెండు వైపులా కోసే కత్తి. 2007లో ఉత్తరప్రదేశ్ అసెంబ్లీలో 30 శాతం ఓట్లతో 403లో 206 సీట్లు తెచ్చుకుని మాయావతి సొంతంగా ప్రభుత్వం ఏర్పాటు చేశారు. ఈ పద్ధతి అప్పుడు మనకు మేలు చేసింది, ఆ మాట దాచకూడదు. 2014 లోక్‌సభలో అదే పార్టీకి దేశం మొత్తం మీద 4 శాతం పైగా, అంటే రెండు కోట్లకు మించి ఓట్లొచ్చాయి. ఓట్ల లెక్కలో దేశంలో మూడో పెద్ద పార్టీ అది. సీట్లు సున్నా. యూపీలో దాదాపు 20 శాతం ఓట్లు తెచ్చుకున్నా 80 సీట్లలో ఒక్కటీ రాలేదు, అక్కడి 17 ఎస్సీ సీట్లనూ బీజేపీయే ఊడ్చుకుపోయింది. ఐదేళ్ళ తర్వాత సమాజ్‌వాదీతో పొత్తు పెట్టుకుంటే దాదాపు అంతే శాతం ఓట్లకు పది సీట్లొచ్చాయి. ఓటరు మారలేదు, పొత్తు మారింది. దళిత పార్టీ బతుకు అట్లా పక్కవాడి దయ మీద ఆధారపడింది. 2024లో బీఎస్పీ మళ్ళీ సున్నాకు వచ్చింది, ఈసారి ఓట్లు కూడా సగానికి పడిపోయాయి. దానికి పార్టీ నాయకత్వం బాధ్యత కూడా ఉంది. అదే ఎన్నికలో నగీనా రిజర్వుడ్ స్థానంలో చంద్రశేఖర్ ఆజాద్ ఏ కూటమిలోనూ లేకుండా లక్షన్నర మెజారిటీతో గెలిచారు. అక్కడ ముస్లిం ఓటర్ల సంఖ్య పెద్దది. ముస్లింలు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలు ఎస్సీలకు రిజర్వు కావడం వల్ల ముస్లింల ప్రాతినిధ్యం దెబ్బతింటోందని సచార్ కమిటీ 2006లోనే ఎత్తిచూపింది. ఒక అణగారిన సమూహం సీటును ఇంకో సమూహానికి అడ్డం పెట్టే ఏర్పాటు ఇది. నగీనాలో దళితులు, ముస్లింలు కలిసి దాన్ని తలకిందులు చేశారు. ప్రతిచోటా అది సాధ్యం కాదు.

ఇక ఓటు రహస్యం సంగతి. సిద్ధాంత చర్చల్లో ఇది కనిపించదు గానీ వాడలో బతికేవాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఇదే. ఊరి మధ్య బడిలో బూత్ ఉంటే బెదిరింపులు, అడ్డగింతలు. అందుకే వాడలోనే పోలింగ్ కేంద్రం కావాలని కొట్లాడి తెచ్చుకున్నాం. బ్యాలెట్ పేపర్ల కాలంలో చాలాచోట్ల వేర్వేరు బూత్‌ల పెట్టెలను కలిపి, కాగితాలను కలగాపులగం చేసి లెక్కపెట్టేవాళ్ళు. ఈవీఎం వచ్చాక ఏ బూత్ లెక్క ఆ బూత్‌దే. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ఫారం 20 పేరుతో ఆ వివరాలన్నీ బయటికొస్తాయి. వాడకు విడిగా బూత్ ఉందంటే వాడ ఓటు ఎటు పడిందో ఊరంతటికీ తెలిసినట్టే. మా ప్రాంతంలో ఒక ఊళ్ళో పెద్దరైతు ఒకాయన ఫోన్‌లో ఆ పట్టిక తెరిచి, కూలికొచ్చిన ఆడవాళ్ళ ముందే "మీ బూత్‌లో మనకు 41" అని చదవడం నేను కళ్ళారా చూశాను. తిట్టలేదు, బెదిరించలేదు. మర్నాటి నుంచి ఆ నాలుగిళ్ళవాళ్ళను నాట్లకు పిలవలేదు, అంతే. రక్షణ కోసం మనం అడిగి తెచ్చుకున్న బూతే మనల్ని పట్టిస్తోంది.

దీనికి మందు ఎప్పుడో తయారైంది. ఒకేసారి 14 ఈవీఎంల ఓట్లను కలిపి మొత్తం మాత్రమే చూపించే టోటలైజర్ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ 255వ నివేదిక దాన్ని సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్ లెక్కలు తెలిస్తే ఎక్కడ వెనకబడ్డామో పార్టీలు తెలుసుకుని పనిచేస్తాయట! వాడల్లో ఆ 'పని' ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళెవరూ ఈ మాట అనరు. బూత్‌వారీ లెక్క ఉంటేనే రిగ్గింగ్ పట్టుకోగలం అనే వాదనలో కొంత పస ఉంది. వివాదం తలెత్తినప్పుడు కోర్టు ఆదేశంతో విడి లెక్క తీసే ఏర్పాటు పెడితే ఆ పనీ జరుగుతుంది, ఊరంతటికీ పంచిపెట్టక్కర్లేదు.

మొత్తం పద్ధతినే మారిస్తే ఎలా ఉంటుంది? దామాషా ప్రాతినిధ్యం అనగానే అంబేడ్కరే వద్దన్నారు కదా అని కొందరంటారు. నిజమే. 1949 జనవరి 4న రాజ్యాంగ సభలో కాజీ కరీముద్దీన్ ఆ సవరణ పెడితే అంబేడ్కర్ వ్యతిరేకించారు. ఈ దేశంలో అక్షరాస్యత అందుకు చాలదని, ప్రభుత్వాలు నిలకడగా ఉండవని ఆయన చెప్పిన కారణాలు. కానీ ఆయన ఆ సభలోకి వచ్చిన దారేది? సొంత బొంబాయి పంపకపోతే, 1946లో బెంగాల్ శాసనసభ నుంచి జోగేంద్రనాథ్ మండల్ తదితరులు గెలిపించారు. ఆ ఎన్నిక దామాషా పద్ధతిలో, బదిలీ ఓటుతో జరిగింది కాబట్టే గుప్పెడు మంది సభ్యుల ఓట్లు చాలాయి. ఎక్కువ ఓట్ల పద్ధతి అయి ఉంటే ఆ తలుపు తెరుచుకునేదే కాదు. 1949లో ఆయన చెప్పిన కారణాలు ఆనాటి పరిస్థితికి చెప్పినవి. అప్పటి అక్షరాస్యత 20 శాతం లోపు, 2011లో 74. ఇక నిలకడ పేరుతో మనకొచ్చింది 31 శాతం ఓట్లకే లోక్‌సభలో సొంత మెజారిటీ, 2014లో చూశాం.

పక్కనే నేపాల్ ఉంది. అక్కడి దళితులూ జనాభాలో ఎనిమిదోవంతుకు కాస్త ఎక్కువ. ప్రతినిధుల సభలో 165 సీట్లు నేరుగా ఎన్నికయ్యేవి, 110 దామాషా జాబితా నుంచి. పార్టీలు ఆ జాబితాల్లో దళితులకు 13.8 శాతం చోటివ్వాలి. 2008 రాజ్యాంగ సభ ఎన్నికల్లో నేరుగా గెలిచిన దళితులు 240లో ఏడుగురు, జాబితా ద్వారా వచ్చినవాళ్ళు 43 మంది. 2022లో నేరుగా గెలిచింది ఒకే ఒక్కరు. జాబితా లేకపోతే ఆ సభలో దళితులు ఉండేవాళ్ళే కాదు. అలాగని మోసపోవద్దు. జాబితాలో పేరు రాసేది పార్టీ అధినేత. టికెట్ కోసం ఊరి పెద్దల ముందు నిలబడే బదులు అధినేత గుమ్మం ముందు నిలబడటం, అంతే తేడా అని నేపాలీ దళిత కార్యకర్తలే వాపోతున్నారు. న్యూజిలాండ్ ఇంకో దారి పట్టింది. అక్కడ మావోరీలకు 1867 నుంచే ప్రత్యేక సీట్లున్నాయి, మావోరీ ఓటర్ల జాబితాలో ఉండాలా సాధారణ జాబితాలో ఉండాలా అన్నది మావోరీ ఓటరే తేల్చుకుంటారు. 1996 నుంచి మిశ్రమ దామాషా పద్ధతి వచ్చాక నాలుగు దగ్గర ఆగిపోయిన ఆ సీట్లు జనాభాను బట్టి ఏడుకు పెరిగాయి. ప్రత్యేక ఓటు ఇస్తే దేశం చీలిపోతుందని 1932లో మనకు చెప్పారు. న్యూజిలాండ్ చీలలేదు.

మన లా కమిషన్ కూడా 1999లో 170వ నివేదికలో లోక్‌సభ సీట్లను నాలుగోవంతు పెంచి, ఆ పెంచినవాటిని దామాషా జాబితాతో నింపాలని సూచించింది. కానీ దేశవ్యాప్తంగా 5 శాతం ఓట్లు రాని పార్టీకి వాటా లేదని షరతు పెట్టింది. ఆ షరతు ఉంటే 2014 నాటి బీఎస్పీకి అప్పుడూ సున్నాయే. సంస్కరణ పేరు వినగానే చప్పట్లు కొట్టకుండా చిన్న అక్షరాలు చదవాలనేది ఇందుకే. నా మటుకు నేను జాబితా సీట్లతో కూడిన మిశ్రమ పద్ధతే కోరతాను. గీత రాష్ట్రం స్థాయిలో, తక్కువగా ఉండాలి. రిజర్వుడ్ నియోజకవర్గాలు కొనసాగాలి, వాటిలో నాగప్ప అడిగిన కనీస దళిత మద్దతు షరతు ఏదో ఒక రూపంలో ఉండాలి. అయితే ఆ షరతుకు ఎస్సీల ఓట్లు విడిగా లెక్కించాలి, అప్పుడు రహస్యం మళ్ళీ పోతుంది. నియోజకవర్గం మొత్తానికి ఒకే మొత్తంగా, బూత్ పేరు లేకుండా లెక్కిస్తేనే ఇది కుదురుతుంది. టోటలైజర్ కోసం పోరాడకుండా మిగతావి అడగడం బండి ముందు, ఎద్దులు వెనక అన్నట్టుంటుంది. జాబితా సీట్లకు ఇంకో ప్రయోజనం ఉంది. రెల్లి, డక్కలి, మాస్టిన్ లాంటి చిన్న కులాలకు ఏ నియోజకవర్గంలోనూ లెక్కకు వచ్చేంత జనం లేరు. వర్గీకరణ ఉద్యోగాలకూ చదువులకూ వచ్చింది గానీ చట్టసభ సీట్లకు రాలేదు. రాష్ట్రమంతా ఒకే జాబితా అయితే వాళ్ళ పేరు అడిగే వీలుంటుంది.

సీట్లు ఎక్కువైతే చాలు అనుకునేవాళ్ళు ఫ్రాన్సెస్కా జెన్సీనియస్ అధ్యయనం చూడాలి. 1970ల నుంచి మూడు దశాబ్దాల లెక్కలు పోల్చి, రిజర్వుడ్ నియోజకవర్గాల్లో అభివృద్ధి మిగతా వాటికంటే తక్కువా లేదు, ఎక్కువా లేదని ఆమె తేల్చారు. దళిత ఎమ్మెల్యేలకు చేతకాదనే నోళ్ళు దీంతో మూతపడాలి. దళిత ఎమ్మెల్యే వస్తే వాడ తనంతట తాను మారుతుందన్న మన నమ్మకానికీ ఇదే సమాధానం. పార్టీ విప్‌కు, ఊరి ఓటుకు కట్టుబడ్డ సభ్యుడు మిగతా సభ్యుల్లాగే నడుచుకుంటాడు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే రెండు గడియారాలు నడుస్తున్నాయి. జనగణనకు 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రకటించారు, అందులో కులగణన కూడా ఉంటుంది. 106వ సవరణ మహిళలకిచ్చిన మూడోవంతు సీట్లను, అందులో ఎస్సీ, ఎస్టీ మహిళల వాటాను, జనగణన తర్వాతి పునర్విభజనతో ముడిపెట్టింది. ఏ సీటు రిజర్వు కావాలి, ఏది కాకూడదు అన్నదానికి మనవాళ్ళు మండలాలవారీ లెక్కలతో ముందే సిద్ధం కాకపోతే, పునర్విభజన కమిషన్ బహిరంగ విచారణకు వచ్చిన రోజు అభ్యంతరం చెప్పడానికి మన చేతిలో కాగితం ఉండదు. రెండో గడియారం 334వ అధికరణ. చట్టసభల్లో రిజర్వేషన్ గడువు 2030 జనవరితో ముగుస్తుంది. 2019 డిసెంబర్‌లో పదేళ్ళు పొడిగించిన 104వ సవరణకు లోక్‌సభలో ఒక్క వ్యతిరేక ఓటూ పడలేదు. ఏ పార్టీకీ నొప్పి లేని ఏర్పాటు కాబట్టే అంత ఏకాభిప్రాయం. 1980, 1989, 1999, 2009, 2019, ప్రతిసారీ ఈ పొడిగింపు సాధారణ ఎన్నికలు ముగిసిన వెంటనే, ఓటర్ల అవసరం తీరిపోయాక జరిగింది. తర్వాతి సాధారణ ఎన్నికలు 2029 వేసవిలో. అమలాపురంలో, బాపట్లలో, తిరుపతిలో, చిత్తూరులో, పెద్దపల్లిలో, నాగర్‌కర్నూలులో, వరంగల్‌లో ఓటడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ పొడిగింపు బిల్లు ఎలా ఉండాలంటారో అప్పుడే, ఓటు వేయకముందే అడగాలి.